వెనక్కి చూస్తే

హార్బరు వెనక రేకుల కొట్లో
పరదేశి సీసా ఎత్తి ఎండకి పట్టాడు.
"స్కూటరాయిలు ఇంక ఒద్దు మావా,
అది నేల మీది బండికి.
ఇది నీళ్ళమీది మోటారుకే, బూడిద మిగల్చదు.
లీటరు పెట్రోలుకి ఇరవై మిల్లీలు.
మూతల లెక్క మానెయ్."

ఎల్లాజీ ఒప్పుకోలేదు, నవ్వాడంతే.
ముప్పై ఏళ్ళుగా పోసింది
ఒక మూత ఇంజనుకి,
ఇంకో మూత
నడిసంద్రంలో ఆగిపోతాదేమోనన్న భయానికి.

అయినా కొన్నాడు.

తెల్లారగట్ట తాడు లాగితే
ముసలి మోటారు రెండుసార్లే దగ్గింది.
వెనక్కి తిరిగాడు, అలవాటుగా
కళ్ళు చికిలించి.
నీలం తెర లేదు.
డాల్ఫిన్ నోస్ కొండ,
ఆరబెట్టిన వలలు,
ఖాళీ తట్ట చంకనెట్టుకుని
కాసులమ్మ.

ఇంటికెళ్ళిపోతాదనుకునేవాడు.
ఇన్నేళ్ళూ
అక్కడే నించునేదా?