పుట్టాసింగి జీపు

పాత ఇంజను దించిన రోజు గుణుపురంలో వాన.
చైన్ పుల్లీకి వేలాడుతూ అది
చుక్క చుక్కగా ఆయిలు కార్చింది,
ముప్పై ఏళ్ల నలుపు.
బిభూతి డబ్బా పెట్టాడు. నిండింది. ఇంకోటి పెట్టాడు.

ఎలియాజర్ రైకా షెడ్డు లోపలికి రాలేదు.
వెలిగించని బీడీ పళ్ల మధ్య పట్టుకుని
చూరు కిందే నిలబడ్డాడు.
"హ్యాండిలు తిప్పి తిప్పి మా అయ్యకి
కుడి భుజం జారిపోయింది, మేస్త్రీ.
ఈ కొత్తదానికి హ్యాండిలు ఎక్కడ పెడతావు?"
పెట్టే చోటే లేదన్నాను.

కొత్తదంటే మరీ కొత్తదేం కాదు.
ఘాటీ కింద బోల్తా పడ్డ పికప్‌ది.
అద్దాలు పోయాయి, మనిషి బతికాడు,
ఇంజనుకి గీత పడలేదు.
టర్బో. ఇటుకంత పెట్టెలో మెదడు.
దాని చుట్టూ ఎలకలు కొరికిన వలలా వైర్లు.

నేను ఎరిగిన ఇంజన్లకి మెదడు లేదు.
కిరసనాయిలు కలిపినా తాగేవి,
దగ్గేవి, తిట్టేవి, కొండెక్కేవి.
ఇది అడుగుతుంది:
తాళం ఎవరిది? గాలి ఎంత వేడి?
పెడలు మీద కాలు ఎంత బరువు?
జవాబు చెప్పకపోతే ఎర్రదీపం పెట్టుకుని
పెళ్లింట్లో మేనత్తలా అలిగి కూర్చుంటుంది.

గేర్‌బాక్సు ముఖం దీనికి కుదరలేదు.
అట్టముక్క మీద బోల్టు కన్నాలు దించుకుని
పర్లాకిమిడి లేతుకి పట్టుకెళ్లాను.
పలక బాగానే కోసిచ్చాడు,
ఒక్క కన్నం అరనూలు పక్కకి పోయింది.
ఆ అరనూలుకి ఆకురాయితో రెండు రాత్రులు.
ఫౌండేషన్లు లారీ ఛాసిస్ ముక్కల్తో నేనే అతికించాను.
బానెట్టు మూయనంది. సుత్తి తెచ్చాను.
ఇనుముకి నచ్చజెప్పడం వచ్చు నాకు,
వైర్లకి రాదు.
వైర్లతో బిభూతి ఒరియాలో మెల్లగా మాట్లాడతాడు,
నోట్లో టార్చిలైటు ఉన్నా సరే.

పదిహేడో రోజు తాళం తిప్పితే
ఎర్రదీపం వెలిగింది, ఆలోచించింది, ఆరింది.
"తిప్పు మేస్త్రీ" అన్నాడు ఎలియాజర్.
"తిరుగుతోంది బాబూ."
బానెట్టు మీద చెయ్యి ఆనించి చూసి
గబుక్కున తీసుకున్నాడు.

మూడు సంతలయ్యాక మళ్లీ వచ్చాడు.
ఘాటీ మూడో గేరులోనే ఎక్కుతోందట,
డీజిలు మిగులుతోందట,
జనం మాత్రం ఎక్కట్లేదట.
"ఏటి, డబ్బుల్లేవా వాళ్ల దగ్గర?"
"ఇనబడట్లేదు," అన్నాడు.

పాతది మూడు వంపుల కిందనుంచే
కొండకంతా కబురు పెట్టేదట.
ఆ చప్పుడు విని పొయ్యి ఆర్పి,
చింతపండు గంపకి గుడ్డ కట్టి,
బిడ్డని వీపున వేసుకుని తీరిగ్గా దిగితే
అప్పటికి సరిగ్గా జీపు.
ఇప్పుడు గాలిలా వచ్చి గాలిలా పోతుంటే
గంపలు చూరు కిందే ఉండిపోతున్నాయి.

హారన్ కొట్టమన్నాను.
"మోటారు సైకిళ్లూ కొడతాయి."
సైలెన్సరుకి కన్నం పెట్టి విన్నాం.
గాడిద.
మళ్లీ అతికించేశాను, కూలి తీసుకోలేదు.

పాత ఇంజనుని అతని బావమరిది దానియేలు
తూకానికి పోనివ్వలేదు.
పుట్టాసింగిలో రెండు దుంగల మీద బిగించి
బెల్టు వేసి రాగుల మర పెట్టాడు.
బెల్టు జారుతోందంటే, వానలు వెలిశాక,
ఎలియాజర్ జీపులోనే బయల్దేరాను.
మూడు వంపుల కింద ఉండగానే వినబడింది,
అదే దగ్గు, అదే నాలుగో సిలిండరు నత్తి.
ఎలియాజర్ ఏం మాట్లాడలేదు.
స్టీరింగు మీద వేళ్లు మాత్రం తాళం వేశాయి.

పై వంపులో ఒక ముసలామె
గంప నెత్తిన పెట్టుకుని దబదబా దిగుతోంది.
రోడ్డు మీదికొచ్చి
మర వైపు తిరిగి నిలబడింది.
ఆమె వెనకగా వెళ్లి ఆగాం.
నేను దిగి గంప అందుకోబోతే
గట్టిగా పట్టుకుని సవర మాటల్లో ఏదో కసిరింది.
ఏమంటోందని అడిగాను.

"ఉండు, జీపు వస్తోంది అంటోంది."

ఎలియాజర్ ఇంజను ఆపేశాడు.
పైన ఎవరివో రాగులు ఇంకా పడుతున్నాయి.