క్లచ్ కింద రేకు

కంచిలి గేటు దగ్గర లోకనాథం షెడ్డులో
నా ఓమ్నీ చుట్టూ తిరుగుతోంది ఫోను.
సోహార్ క్యాంపులో పై బెర్తు మీద పడుకుని
నేను చూస్తున్నాను.
షిఫ్టు బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలు.

"టైర్లు సూపించాను, ఇంజను సూపించాను,
ఇంకేటి సూపించమంతావు బావా?"

కొనేవాడు దుక్క వల్లభరావు, జీడిపప్పు బేరగాడు,
పలుకు కొరికి రకం చెప్పే మనిషి.
బండిని కూడా కొరికి చూసేలా ఉన్నాడు.
తలుపు జరిపాడు, మూశాడు, మళ్లీ జరిపాడు.
టాపు మీద సొట్ట జానతో కొలిచాడు.
"తిత్లీకా?"
"మరే. కొబ్బరి సెట్టు."
ఆ సొట్టకి మాత్రం రేటు తగ్గించమనలేదు.
ఆ తుఫాను సొట్ట లేని ఇల్లు వాళ్ల వీధిలోనూ లేదు.

అప్పుడు మోకాళ్ల మీద కూచుని
క్లచ్ కింద చెయ్యి పెట్టాడు.
"ఇదేటి, బుడిపెలు బుడిపెలుగా అతికీసినాడెవడో?
పని నేర్సుకున్నోడి సెయ్యిలాగుంది.
ఐదేలు తగ్గించమను."

లోకనాథం నవ్వు ఆపుకుంటున్నాడు. ఫోను వణికింది.

బారువ ఉప్పుగాలి తినేసిన చోట
పిడికిలంత కన్నం ఉండేది.
అందులోంచి రోడ్డు పరిగెత్తేది.
వానొస్తే బురద చీలమండ దాకా.
హోల్డరు నా చేతికిచ్చి
"కాల్సుకుంటే కాల్సుకో" అన్నాడు లోకనాథం.
రాడ్డు అంటుకుపోయింది, ఊడింది, మళ్లీ అంటుకుంది.
రెండు రాత్రులు కళ్లలో ఇసుక,
రెప్పల మీద బంగాళాదుంప చెక్కలు.
మూడోనాడు జోరువానలో మందస దాకా
కాళ్లు తడవకుండా వెళ్లాం.

ఇప్పుడు నా అతుకులకి ఎక్స్‌రే తీస్తారు.
ఇన్‌స్పెక్టరు ఫిల్ము వెలుగులో పెట్టి,
వంక దొరక్క, తల ఊపి వెళ్లిపోతాడు.
నాది వెనక్కొచ్చింది సంతకం ఒక్కటే.
పోయినేడు ఇంకొకడికి అమ్మబోతే
పన్నెండేళ్ల కిందటి సంతకంలా లేదని
రవాణా ఆఫీసు గుమస్తా రెండుసార్లు తిప్పి పంపాడు.
చెయ్యి కుదిరితే రాత మారిపోతుందని
ఏ ఫారంలో రాయాలి?

"ఏటి బావా, ఏటంతావు?"

ఆ చెయ్యి నాదే అని చెప్పొచ్చు.
చెబితే వల్లభరావు ఇంకో వెయ్యి తగ్గిస్తాడు.

"ఇచ్చీరా" అన్నాను.

కట్టేయడం మరచి ఫోను జేబులో వేసుకున్నాడు లోకనాథం.
చీకటి. చొక్కా గుడ్డ గరగర.
నోట్లు లెక్కపెడుతున్నారు, తప్పి, మళ్లీ మొదట్నుంచి.
స్టార్టరు రెండుసార్లు దగ్గి
మూడోసారికి అందుకుంది.
గేటు పడ్డట్టుంది, ఆగారు.
గూడ్సు పోతోంది. పోతూనే ఉంది.
తరవాత గేరు కర్రుమంది.

ఒరే, రెండో గేరుకి పూర్తిగా తొక్కాలి దాన్ని.

కింద బస్సు హారను కొడుతోంది.
దుప్పట్లో నా ఎడమ మడమ
బుడిపె కోసం వెతుకుతోంది.