యాభై కేబీలోపు

బ్రాడీపేట నాలుగో లైనులో నా జిరాక్స్ కొట్టు.
షట్టరు సగమే లేస్తుంది, మిగతా సగానికి
వంగి రావాలి ఎవరైనా.
తమందాని అందరికన్నా ఎక్కువ వంగుతుంది.
పొడగరి. మలావీ పిల్ల.
నాలుగేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు
వేళ్ళతో లెక్క చూపించి "కాపీ" అంది.
ఇప్పుడేమో లోపలికి రాకముందే
"మస్తానన్నా, సర్వరుందా?"

డిగ్రీ చేతికొచ్చింది. వీసాకి పందొమ్మిది రోజులు.
మిర్చి యార్డు దారిలో, తను ప్రాజెక్టు చేసిన ల్యాబే
ఎండుకాయల్లో పురుగుమందు ఎంత మిగిలిందో
తేల్చే కొలువు ఇస్తానంది.
మొదటి వారమంతా తుమ్ములూ కన్నీళ్ళేనట.
"ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్తానన్నా
ఏది తేజ, ఏది బాడిగ."

దరఖాస్తు తెరిచాం.
ఇంటిపేరు అని ఒక గడి.
"అది మా తాత పేరు. ఇంటికి పేరు లేదు."
మా ఇంటిపేరు షేక్ తల్లీ,
ఆనందపేటలో సగం మందిమి ఆ ఒక్క ఇంట్లోనే ఉంటాం,
రాసేయ్, అన్నాను.

ఫోటో. వెనక తెలుపు, రెండు చెవులూ కనపడాలి,
యాభై కేబీలోపు.
పక్క స్టూడియో కుర్రాడు అలవాటు కొద్దీ
పెళ్ళికూతుళ్ళకి చేసినట్టే
మొహానికి వెలుతురు పట్టించి ఇచ్చాడు.
తమందాని చాలాసేపు చూసింది.
"ఈమెకి ఇవ్వరన్నా పర్మిట్టు.
ఈమెవరో వాళ్ళకీ తెలీదు."
మళ్ళీ తీయించాం. ఈసారి
కుర్రాడి భుజం వెనకే నిలబడింది, వాడి మౌసు కదలనివ్వకుండా.

ఇంటి ఓనరు సంతకం కావాలి.
వెంకాయమ్మగారికి మూడు రోజులు
కళ్ళజోడు కనపడలేదు.
నాలుగో రోజు నా జోడు పట్టుకుని నేనే వెళ్ళాను.
"సంతకం పెడితే పోలీసులొస్తారంటగా?"
వస్తారమ్మా, వస్తే కాఫీ ఇవ్వండి.
పెట్టింది. చెయ్యి వణికి ఒక అక్షరం గడి దాటింది.
దాటినదాన్ని ఒప్పుకుంటారా లేదా అని
ఆ రాత్రి తమందాని నుంచి పదమూడు మెసేజీలు.

ఆఖరి పేజీ. ఉండటానికి కారణం,
రెండు వందల అక్షరాల్లో.
తన ఇంగ్లీషు నాకు అందదు, తెలుగులో చెప్పమన్నాను.
ప్రాజెక్టు రోజుల్లో ప్రత్తిపాడు రైతొకాయన
సంచీ మోసుకొచ్చి "అమ్మాయ్, నా కాయ మంచిదేనా?" అన్నాడట.
పరీక్ష చేసి, మంచిదేనని కాగితమిచ్చింది.
తువ్వాలు చెంగున ముడేసుకుని పోయాడు.
"వచ్చే ఏడు ఆయన కాయ ఎట్టా ఉంటదో చూడాలన్నా."
అంతేనా?
అంతే.
గడిలో పట్టింది. ఇంకా నలభై అక్షరాలు మిగిలాయి.

పంపే మీట నొక్కబోతుంటే కరెంటు పోయింది.
చీకట్లో జిరాక్స్ మిషను చల్లారుతున్న చప్పుడు.
"నీకెందుకన్నా ఇంత?"
పేజీకి రెండు రూపాయలొస్తాయిగా, అన్నాను.
కువైట్‌లో ఏడేళ్ళు
నా పాసుపోర్టు ఇంకొకడి బీరువాలో ఉంది.
ఆ సంగతి చెప్పలేదు.

ఇవాళ్టికి మిగిలినవి నాలుగు.
సాయంత్రం తను రాకముందే, పొద్దున్నే,
అగరుబత్తి కూడా వెలిగించకుండా
ఆ పన్నెండు అంకెలూ కొడతాను, చూడక్కర్లేదు, వచ్చేశాయి.
పరిశీలనలో ఉంది.
ఇంకోసారి కొడతాను.
వెనక ఎవరో వంగి వస్తున్నారు,
తలకి షట్టరు తగిలి, తిట్టుకుంటూ:
"ఆధారు, రెండువైపులా. ఎంత?"