తట్ట దింపే గట్టు

ఆదివారం, ఆరున్నర.
టౌన్‌హాల్ మెట్ల దగ్గర తొమ్మిదిమందిమి.
మనిషికి రెండొందలు, మంచినీళ్ల సీసా ఉచితం.
గైడు కుర్రాడు హేమసుందర్,
మెడలో ఈల, చేతిలో మడతలు నలిగిన కాగితాలు,
తేదీలు తడబడితే చూసుకోవడానికి.

పదకొండేళ్లుగా నేనీ వీధుల్లోంచే
హార్బర్ గేటుకి నడుస్తున్నాను.
లెక్కల గుమాస్తాని,
బస్తాకో నిలువు గీత, అయిదోదానికి అడ్డగీత.
తల వంచుకుని నడిచేదానికి
వన్‌టౌన్ అంటే కాలవ,
ఆవుపేడ, తడి పొలుసులు,
చెప్పు తెగితే కుట్టే కొండయ్య మోకాళ్లు.
తల ఎత్తడానికి టికెట్టు కొనాల్సి వచ్చింది.

“పైకి చూడండి” అన్నాడు.
చూశాను.
మందుల కొట్టు బోర్డు మీద
ఇంకో అంతస్తుంది!
సగం రెప్పలూడిన చెక్క కిటికీలు,
సున్నంతో తీర్చిన లతలు,
వాటిని నమ్మి పాకిన నిజం తీగ ఒకటి,
దానిమీద ఎవరిదో ఆరేసిన లుంగీ.
పదకొండేళ్లు దీనికిందే జండూబామ్ కొన్నాను.

మాలో ఒక ఇటలీ అతనున్నాడు.
రిపేరుకి ఆగిన ఓడలో ఇంజనీరు.
పేరు రెండుసార్లు చెప్పాడు, నాకు అందలేదు.
వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరం సమానులం.
వాళ్ల ఊరూ పాతదేనట.
రోజూ గుమ్మం ముందునుంచి ఇలాంటి గుంపులే పోతాయట,
గొడుగు పైకెత్తి ఒకామె ముందు నడుస్తుందట.
“నేను వాళ్లని తోసుకుని రొట్టె కోసం పోతాను.
ఆవిడేం చెబుతుందో
ఒక్కసారీ వినలేదు.”

కురుపాం మార్కెట్టు దాటి కొండవైపు తిరిగాం.
గుడి, దర్గా, చర్చి, మూడూ ఒకే చూపులో.
హేమసుందర్ ఇక్కడ గొంతు సవరించుకుని
బట్టీ పట్టిన మాటొకటి చెప్పి ఆగాడు,
చప్పట్లకి చోటు వదిలి.
ఎవరూ కొట్టలేదు. హార్బర్లో ఓడ ఒకటి కూసింది.
అదే లెక్కలో వేసుకుని కదిలాడు.

సందు మలుపులో, పాత గిడ్డంగి గోడకి,
భుజమెత్తున ఒక రాతి గట్టు.
జానెడు వెడల్పు, బారెడు పొడుగు,
మధ్యలో గుంట పడేలా అరిగింది.
ఇటలీ అతను వేలు పెట్టి అడిగాడు, ఇదెందుకని.
కాగితాలు తిరిగాయి. వెనక్కీ తిరిగాయి.
“అలంకారం సార్” అన్నాడు హేమసుందర్,
చెవులు ఎర్రబడ్డాయి.

“తప్పుకోండమ్మా!” అని వెనకనుంచి ఎర్నమ్మ.
మా మధ్యలోంచి సూటిగా నడిచి
మోకాలు వంచకుండా, ఎవర్నీ పిలవకుండా
తలమీది కానాగడతల తట్టని
ఆ గట్టుమీదికి జార్చింది.
చుట్టగుడ్డ విప్పి మెడ తుడుచుకుంది.

“అలంకారమేటి బావూ?
ఎత్తీవోలు దొరుకుతారు రేవుకాడ.
దించీవోలు దారిలో ఎవులుంతారు?
అందుకే గోడ సెయ్యి సాపింది.”

“ఏ సంవత్సరంలో కట్టారమ్మా?” పెన్ను తీశాడు.
“మా అత్తకి అత్త దించీది” అంది.
అతను రాసుకున్నాడు. ఎలా రాశాడో చూశాను:
అత్త, బాణం గుర్తు, అత్త, ప్రశ్నార్థకం.

ఎనిమిదింటికి ఈల ఊదాడు, అయిపోయిందని.
ఇటలీ అతను చేయి కలిపితే
బొటనవేలికి అంటుకున్న పొలుసొకటి మెరిసింది.
ఊరికెళ్లాక గొడుగావిడ వెనక
ఒకరోజు నడుస్తానన్నాడు.
నడుస్తాడో లేదో.

సోమవారం గేటుకి పోతూ ఆ సందులోంచే వెళ్లాను,
నాకది చుట్టు దారైనా.
గట్టుమీద క్యారేజీ సంచి పెట్టి చూశాను.
దానికంత రాయి అక్కర్లేదు.
అయినా కాసేపు తియ్యబుద్ధి కాలేదు.
వెనక ఎవరిదో తట్ట ఆగింది.
తప్పుకున్నాను.