పేపరు కప్పు

"అత్తా, మీదీ మాదీ ఒకటే గదా" అన్నాడు ఏలీయా
బొబ్బిలి రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద,
చేతిలో హెల్మెట్టు తిప్పుకుంటా.
పక్కన సుందరం. నా వైపు చూడలేదు.

నాకు చుర్రుమంది.
ఒకటేటిరా?
మా తాత గవరయ్యని
రాజాం రోడ్డు మీద టీ కొట్టు కాడ
చూరులో దోపిన కొబ్బరిచిప్ప తియ్యకుండా
బల్ల మీది గాజుగ్లాసు ఎత్తినందుకు
కావిడిబద్దతో కొట్టారు.
వంకరగా అతుక్కున్న ఆ మోచేత్తోనే
ముప్పయ్యేళ్లు మురుగునీళ్లలో దిగి
గోగునార పీకాడు.
నీ మొహం చూస్తే ఎవడికి తెలుస్తాది నువ్వేటో?
మాకు పేట పేరు చెప్తే చాలు.
చెప్పకపోయినా చాలు.

వాడు హెల్మెట్టు తిప్పడం ఆపాడు.
"ముత్తాత దెబ్బలు తిని వొస్తే
ముత్తవ్వ వేణ్ణీళ్లు కాసింది గదత్తా.
పేటంతా గుమ్మం ముందు కూకుంది గదా.
నాను దెబ్బలు తిన్నది ఇంట్లోనే.
పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి
దెయ్యాన్ని పొమ్మన్నది మన గుడిలోనే.
మరి నన్నే ఇంటికెల్లి సెప్పుకోమంటావు?"

జవాబు లేక ఆ గోడ వైపు చూశాను.
తొంభై మూడులో మా పెళ్లి నోటీసు
అక్కడే, ఆ మేకు కిందే
ముప్పై రోజులు ఎండింది.
మాలపిల్ల, కాపుల కుర్రాడు.
సంతకెళ్లేవాళ్లు ఆవుల్ని నిలబెట్టుకుని మరీ చదివించుకున్నారు.
ఏడు అభ్యంతరాలొచ్చాయి.
ఒకదాని కింద మా మామగారి నీలం వేలిముద్ర.
ఆయన్ని నేను మొట్టమొదట చూసింది ఆ వేలిముద్రలోనే.

ఇవాళ గుమస్తా మంచివాడే.
కుర్చీలు వేయించాడు. ఫ్యాను మా వైపు తిప్పాడు.
ఫారం తీసి వేలుతో చూపించాడు,
ఇది వరుడి గడి, ఇది వధువు గడి.
"నానేటి చెయ్యగల్ను బాబూ, మీకు గడి లేదు."
మా కాయితం మీద అభ్యంతరం రాశారు.
వీళ్లకి అభ్యంతరం రాయడానికైనా కాయితం లేదు.

అయినా ఒకటేనని అనను.
సుందరం వాళ్లది పొందూరు, మగ్గాలున్న ఇల్లు.
సంగతి తెలిసి వాళ్లమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదంట.
మూడోరోజు మాత్రం నోరు తెరిచి
"మగోడైతే అయ్యాడు, సచ్చినోడా,
నీకు మాలోడే దొరికాడా?" అందంట.
అది చెప్పి ఇద్దరూ ఒకటే నవ్వు, మెట్ల మీద.
నేనూ నవ్వాను.
నవ్వుతుంటే మోచెయ్యి సలిపింది,
నాది కాదు, తాతది.

ఇంతసేపూ ఒక సంగతి దాచాను.
పోయిన వానాకాలం సుందరం మొదటిసారి మా ఇంటికొచ్చాడు,
తడిసి ముద్దయి.
మా ఇంట్లో ఆరు గాజుగ్లాసులున్నాయి.
నా మొదటి జీతంతో కొన్నవి,
ఎందుకు కొన్నానో అందరికీ తెలుసు.
ఏలీయాకి గ్లాసులో పోశాను.
సుందరానికి
మనవరాలి పుట్టినరోజున మిగిలిన
పేపరు కప్పులో.
ఎందుకలా చేశావని ఎవరూ అడగలేదు.
అడిగితే కొత్తవాడు గదా అని చెబుదామనుకున్నాను.
అతను మొత్తం తాగి,
కప్పు మడిచి,
జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు,
మా చెత్తబుట్టకి కూడా పని చెప్పకుండా.

ఆ మడత నేను చూశాను.
నా చేత్తో నేనే
చూరులో దోపిన చిప్ప అది.

దారిలో రైలు గేటు పడితే టీకి ఆగాం.
ఇప్పుడక్కడ అందరికీ పేపరు కప్పులే.
ముగ్గురం ఒకేలాంటివి పట్టుకుని నిలబడ్డాం.
రాయపూర్ బండి ఎంతకీ అవ్వలేదు.
సుందరం ఖాళీ కప్పు ఏం చేస్తాడా అని
ఓరగా చూస్తున్నాను.
వాడూ నన్నే చూస్తున్నాడు.

ఆదివారం వస్తామన్నారు, గుడి వేళ దాటాక.
ఆరు గ్లాసులూ కడిగి బోర్లించాను.
ఒకదాని అంచు కొంచెం విరిగింది.
అది నేను తీసుకుంటాను.