హాజరు పట్టీ

నూట నలభై రెండు మెట్లు.
అద్దె బల్లలు కింద మార్కెట్టు వీధిలో,
మా లైబ్రరీ కొండ నడుమన.
తొమ్మిది బల్లలకి ఇద్దరం మనుషులం,
నేనూ, రాత్రి కాపలా రోసమెల్.
నాలుగో బల్లకి అతను దేవుణ్ణి తిట్టాడు
ఏడో బల్లకి నన్ను.

వల్పరాయీసోలో పొగమంచు
చెప్పులు విప్పకుండా ఇంట్లోకొచ్చే చుట్టం.
ఆ శనివారం పిలవకుండానే వచ్చి
కిటికీల మీద కూర్చుంది.
కొండెక్కించే రైలుపెట్టె ఆగిపోయింది.
ఒతీలియా మేడమ్ నెలరోజులు అతికించిన గోడపత్రాలు
తడిసి, జిగురు వదిలి
ఒక్కొక్కటే మెట్లు దిగి ఓడరేవు వైపు వెళ్ళిపోయాయి.

'మీ ఊరి సంస్థలు, మీ లైబ్రరీలో'
అని రాసుంది వాటి మీద.
సంస్థలొచ్చాయి.
ఊరే రాలేదు.

రాసేవాళ్ళు లేని పరీక్ష హాల్లో
ఇన్విజిలేటర్లలా కూర్చున్నారంతా.
జీతం పుచ్చుకోని అగ్నిమాపక దళం హెర్నాల్దో
మెరుస్తున్న హెల్మెట్టునే మూడోసారి తుడిచాడు.
వీధికుక్కల నెల్దా
ఎవరూ తీసుకోని కరపత్రాలని
పెద్దవి కింద, చిన్నవి పైన సర్ది
మళ్ళీ చిన్నవి కిందకి మార్చింది.
చూపులేనివాళ్ళ సంఘం ఎలిసేయో మాత్రం
చుక్కల పుస్తకం మీద వేళ్ళు నడిపిస్తూ
చదువుకుంటున్నాడు.
ఆ పూట లైబ్రరీని లైబ్రరీలా వాడుకున్నది
అతనొక్కడే.

పదకొండున్నరకి అతనే తలెత్తి అన్నాడు,
"ఉల్లిపాయ మాడుతోంది."

ఉమ్మడి వంటశాల ఫ్రెసియా అవ్వ
వెనక గదిలో చిక్కుడుగింజల కూర పెట్టి
వార్తాపత్రికల దగ్గర కునుకు తీస్తోంది.
హెర్నాల్దో ఒక్క ఉరుకున వెళ్ళి
ఒక్క మీట తిప్పి
మంటని ఆర్పేశాడు.
అందరం చప్పట్లు కొట్టాం.
ఆయన సిగ్గుపడి గిన్నెలోకి చూశాడు.
"ఎంతమందికిది?"
"ఎనభైమందికి. నాలుగు వాయిలు."
"మా స్టేషన్లో గంగాళమంత గిన్నె ఉంది.
అందులో పాత గొట్టాలు వేసుకున్నాం."
అవ్వ నిద్ర పూర్తిగా వదిలింది.

ఆ తర్వాత ఎవరి బల్ల వెనక వాళ్ళు లేరు.
నెల్దాకి కుక్కలున్న సందులన్నీ తెలుసు,
అవ్వకి పొయ్యి వెలగని ఇళ్ళు తెలుసు,
ఒకరి లెక్క ఒకరికి అప్పజెప్పుకుంటూ
కూర నాకిచ్చారు, మాడింది నాకే వచ్చింది.

ఎలిసేయో హెర్నాల్దోని అడిగాడు, మామూలుగానే,
బస్సు టైము అడిగినట్టు:
"పోయిన వేసవిలో కొండ కాలినప్పుడు
మీ సైరన్ ఎటునుంచి వస్తోందో తెలిసింది.
ఎటు పరిగెత్తాలో తెలీలేదు.
మా తలుపు కొట్టాలని మీ కాగితాల్లో
ఎక్కడైనా రాసుందా?"

ఎక్కడా రాసిలేదు.

మేడమ్ కొండ పటం తెచ్చి పరిచింది.
ఎలిసేయో ఇళ్ళు చెబుతున్నాడు:
పచ్చ తలుపు అంటారట, నాకు గరుకు తలుపు,
పై మెట్టు విరిగిన చోట ఎడమకి,
రొట్టె వాసన ఆగిపోయే మలుపులో దోరిలా.
హెర్నాల్దో పెన్నుతో చుక్కలు పెడుతున్నాడు.
"గట్టిగా నొక్కండి," అన్నాడు ఎలిసేయో,
"అవతలికి పొడుచుకు రావాలి."

పదకొండు చుక్కలు.
పటాన్ని బోర్లా తిప్పి తడిమి చూసుకున్నాడు.
"ఎడమ కుడి అయింది," హెర్నాల్దో నొచ్చుకున్నాడు.
"ఫర్వాలేదు. మేం రాసుకునేదే తిరగేసి."

నాలుగింటికి మున్సిపాలిటీ ఫారం నింపాలి.
'హాజరైన ప్రజల సంఖ్య.'
మరుగుదొడ్డి కోసం ఒక పిల్లాడొచ్చాడు,
గోధుమరంగు కుక్కొకటి వచ్చి నెల్దాని చూసి పారిపోయింది.
మేడమ్ నా వైపు చూసింది.
నేను పైకప్పు వైపు చూశాను.
సున్నా వేసింది.
అబద్ధం రాయదు ఆవిడ.
'ఇతర వివరాలు' దగ్గర ఒక్క గీతే ఇచ్చారు.
'గిన్నె మంగళవారం వస్తుంది' అని రాసి సంతకం పెట్టింది.

దిగేటప్పుడు బల్లలకి పద్నాలుగు మంది.
మంచులో ముందువాడి వీపు కనబడక
ఎలిసేయో ముందు నడిచి మెట్లు లెక్కపెట్టాడు.
రోసమెల్ చేతులూపుకుంటూ దిగాడు పాపం,
తిట్టడానికి ఎవరూ దొరక్క.

నూట నలభై రెండు కాదట.
నూట నలభై మూడు.