అడ్డం ఏడు

షువైఖ్ గోదాములో రాత్రి కాపలా.
సిమెంటు బస్తాల్ని ఎవడెత్తుకెళ్తాడు?
దొంగ రాడు గనక
పత్రిక గళ్ళలో వెతుక్కుంటాను.

నిలువు నాలుగు: తలకిందులైన తీగ, రెండక్షరాలు.
ముందు తీగ పేరు పట్టుకోవాలి,
ఆ తర్వాత కాళ్ళు పట్టి వేలాడదీయాలి.
పక్కన అంకెల పట్టీ.
ఐదు ఎక్కడ నక్కిందో తేలేదాకా
తక్కిన ఎనిమిదీ అనుమానితులే.

మొన్న డ్యూటీకొచ్చేసరికి
నేను వదిలిన మూడు గళ్ళు నిండి ఉన్నాయి.

పగలు ఈ గదిలోకొచ్చేది పన్నెండు మంది.
మలబారు డ్రైవర్లు ఆరుగురికి తెలుగు రాదు.
గుమాస్తాలు నలుగురూ పెన్నే పట్టేది; ఇది పెన్సిలు.
ఓబులేసు కళ్ళజోడు పగిలి నెల.
"ళ" తోక గాలంలా వంగింది,
పక్కనే చింతపులుసు వేలిముద్ర.

ఆ ముద్ర నాకు తెలుసు.
మెస్సు ఖాతాలో నెలనెలా చూస్తాను:
చదువు రాదని చెప్పి
బొటనవేలు సిరాలో ముంచే మస్తాను.

ఎందుకు దాచాడో? దానికి ఆధారాల్లేవు.
అడగలేదు.
ఈ రాత్రి అడ్డం ఏడు
తెలిసీ రాయలేదు.
సొరుగులో పత్రిక మీద
చెక్కిన పెన్సిలొకటి పెట్టాను.